కొలతయు గౌరవమును

ఇంటికి చుట్టము వచ్చుచున్నాడని తెలిసినప్పుడు మనము ముందుగది ఊడ్పింతుము. చినిగిన దుప్పటిని పెట్టెలో దాతుము. అటకమీది మంచి పళ్లెములు దింపుదుము. ఇందు కపటమేమియు లేదు. అతిథియెడల మనకుగల యాదరమునకు అది గుర్తు. అయితే వచ్చుచున్నవాడు వైద్యుడైనచో ఏమి చేయుదుము? రోగి పండుకొన్న గదికి గొళ్లెము పెట్టి, ఆయనను ముందుగదిలో కూర్చుండబెట్టి, ఫలహారము పెట్టి సాగనంపుదుమా? గుమ్మము ఒకటియే యైనను ఒకడు వచ్చిన పని వేఱు, మఱియొకడు వచ్చిన పని వేఱు. ఈ వివేకము సామాన్య గృహస్థులకు సహజముగనే కలదు. కాని మన పాఠశాలలు పరదేశపు పాఠశాలలతో కలిసి విజ్ఞానము నేర్చుకొన సంకల్పించినప్పుడు ఈ వివేకము ఎందుకో తొలగిపోవుచున్నట్లు మాకు తోచుచున్నది. అందులకే యీ నాలుగు మాటలు.

హైదరాబాదు నగరమునకు తూర్పున నాచారము, ఉప్పలు. వానిని దాటినపిమ్మట కాజీపేట పోవు రైలుమార్గముమీద ఘట్‌కేసరు. ఈ ప్రాంతము విజ్ఞానమునకు కొత్తది కాదు. ఉప్పలు పోవు బాటమీదనే 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ యున్నది. 1977లో ఆరంభమై, సీసీఎంబీ యని అందఱు పిలుచు జీవకణ పరిశోధనాలయమును ఆ బాటమీదిదే. భూమిని కొలుచువారికి శిక్షణ యిచ్చు సర్వేవారి విద్యాలయము ఉప్పలులో నున్నది. నాచారమున కర్మాగారములు, ఘట్‌కేసరు చుట్టును ఇంజనీరింగు కళాశాలలు. వీని నడుమ పెద్ద పెద్ద పాఠశాలలు లేచినవి. హైదరాబాదు నగరపు పాఠశాలలు కొన్ని బ్రిటిష్ కౌన్సిల్ వంటి సంస్థల మూలమున పరదేశపు పాఠశాలలతో చెలిమి చేసినవి. పిల్లలు తెరమీద ఒకరినొకరు చూచుకొని మాటలాడుదురు. విత్తనములు నాటి మొలకల యెత్తు చెప్పుకొందురు. తమ యూరి వానను, గాలిని, నీటిని కొలిచి ఇచ్చిపుచ్చుకొందురు. పుస్తకములోని బొమ్మను చూచి చెప్పుటకును, చేతితో చేసి చెప్పుటకును గల భేదమును ఎఱిగిన యేవాడును దీనిని కాదనడు. మేమును కాదనము.

ఇట్టి చెలిమికి మంచి మాదిరి గ్లోబ్ అను ప్రణాళిక. 1994వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన, ధరిత్రీదినమున, నాటి అమెరికా ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ దీనిని ప్రకటించెను. మఱుసటి యేట పని ఆరంభమైనది. నూఱుకు మించిన దేశములు ఇందు చేరినవి. మన దేశము 2000లో చేరినది. పాఠశాలల పిల్లలు తమ చోట ఉష్ణమును, మబ్బును, వానను, మట్టిని, నీటిని కొలిచి పంపవలెను. శాస్త్రజ్ఞులు ఆ లెక్కలను వాడుకొందురు. దీని నియమములలో రెండు మాకు మిక్కిలి నచ్చినవి. గాలి వేడిమిని గడియారపు మధ్యాహ్నమున గాక, ఆ చోటి సూర్యుని మధ్యాహ్నమునకు గంటకు మించని యెడములో కొలువవలెను. మన గడియారములు దేశమంతటికి ఒకటియే గనుక, ఘట్‌కేసరులో సంవత్సరమున పెక్కు దినములు పండ్రెండు దాటిన తరువాతనే సూర్యుడు నడిమింటికి వచ్చును. పిల్లవాడు ఈ నియమమును పాటించిన నాడే తన యూరికి తనదైన మధ్యాహ్నమొకటి కలదని తెలిసికొనును.

రెండవది యింకను గొప్పది. వాన కురియనిచో సున్న వ్రాయవలెను. చూడనే చూడనిచో సున్న వ్రాయరాదు. చూడలేదని తెలుపు గుర్తు వేఱుగా వ్రాయవలెను. కొలతకు అందనంత తుంపర పడినచో దానికి మఱియొక గుర్తు కలదు. లేకపోవుట ఒకటి, తెలియకపోవుట ఒకటి. మన నిత్యజీవితములో, మన సభలలో, మన పత్రికలలో సైతము ఈ రెంటిని కలగాపులగము చేయుట యెంత సామాన్యమో చదువరులు ఎఱుగుదురు. మాకు తెలియని దానినెల్ల లేనిదానిగా వ్రాయు దుర్గుణము మాకును లేకపోలేదు.

మా యింట జరిగిన చిన్న సంగతి చెప్పెదము. పదునొకండేండ్ల బాలిక యొకతె, మా మనుమరాలు, పాఠశాలవారి పనికై డాబామీద వర్షమాపకము పెట్టుకొని దినదినము లెక్క వ్రాయుచుండెను. ఒక శ్రావణమాసమున బంధువుల పెండ్లికై వరంగల్లు పోయి మూడు దినములు నిలిచితిమి. తిరిగివచ్చి చూడగా పాత్రలో పదునెనిమిది మిల్లీమీటర్ల నీరుండెను. పిల్ల తెలివిగలది. పదునెనిమిదిని మూడుచే భాగించి, దినమునకు ఆఱు చొప్పున మూడు గడులలోను వ్రాసెను. ప్రక్కింటి యామె విని నవ్వి, కురిసినది నడిమి రాత్రి మాత్రమేననియు, ఆరవేసిన తన బట్టలన్నియు తడిసినవనియు చెప్పెను. మేము పిల్లను అడిగితిమి. "ఖాళీగా పంపితే ఆ దేశపు పిల్లలు మనల్ని సోమరివాళ్లనుకుంటారు, తాతా!" యని అది కన్నుల నీరు పెట్టుకొనెను.

ఆ మాట మమ్ములను చాలదినములు వదలలేదు. పిల్ల అబద్ధమాడినది సోమరితనముచేత కాదు, లోభముచేత కాదు; గౌరవము కొఱకు. అదియు తన గౌరవము కాదు, "మన" గౌరవము. దూరమున నెవరో చూచుచున్నారన్న భావము పరిశీలనకు పదును పెట్టవలసినది పోయి, దానిని చెఱచినది. వారు చూడకున్నచో ఆ గడులను ఖాళీగా వదలియుండును. కావున పరదేశపు చెలికాడు పిల్లలను సత్యమునకు దగ్గఱ చేయగలడు, దూరమును చేయగలడు. దేనికి చేయుననునది ఆ చెలికానిమీద గాక, వానిని మనము ఏ గదిలో కూర్చుండబెట్టితిమను దానిమీద నాధారపడియున్నది.

పిల్ల సంగతి చిన్నది. పెద్దల సంగతి విందము. నగరపు తూర్పు పొలిమేరలలోని యొక పాఠశాలలో పనిచేయు ఉపాధ్యాయునితో ఒకనాడు ప్రసంగించితిమి. వారి పిల్లలు పరదేశపు పాఠశాలతో కలిసి నీటి పరీక్షలు చేయుచున్నారు. ఏ నీరని యడిగితిమి. పాఠశాల తోటలోని తామరకొలని నీరట! ఆ కొలనికి కొళాయినీరు నింపుదురట. మూసీనది అచటికి రెండు మూడు మైళ్లలోనే కదా యంటిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "దానిని చూపి తలదించుకొనుట యెందుకండీ? వారు మనలను గూర్చి యేమనుకొందురు?" అనెను. ఆయన దుర్మార్గుడు కాడు; పిల్లలయెడల ప్రేమగలవాడు. మా మనుమరాలు చెప్పిన మాటనే ఆయనయు చెప్పెను.

మూసీ మాట చదువరులకు కొత్త కాదు. వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టి, 1908లో నగరమును ముంచివేసిన నది యిది. ఆ యుత్పాతము పిమ్మట కట్టినవే 1920లో ముగిసిన ఉస్మాన్ సాగరము, 1927లో ముగిసిన హిమాయత్ సాగరము. నగరము దాటిన తరువాత వానకాలము తప్ప తక్కిన కాలమంతయు దానిలో పాఱునది హెచ్చుపాలు నగరపు వాడకపు నీరే. అంబర్‌పేట కడ దినమునకు 33 కోట్ల లీటర్లకు మించిన మురుగును శుద్ధిచేయు కర్మశాల కలదు. అయినను నది శుద్ధి కాలేదు. ఈ నీరే పీర్జాదిగూడ, ప్రతాపసింగారము మీదుగా సాగి, కాలువలవెంట ఏదులాబాదు చెఱువు వఱకు పోవుచున్నది. దానితో వరి పండింతురు, ఆకుకూరలు పండింతురు, గేదెలకు పచ్చగడ్డి పెంచుదురు. గడ్డి తిన్న గేదెల పాలు మఱల నగరమునకే వచ్చును. అనగా మనము స్నానాలగదిలో వదలిన నీటిని పెరుగుగిన్నెలో మఱల కలిసికొనుచున్నామన్నమాట.

మంచి నీరు 25 డిగ్రీల వేడిమిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువును తనలో కరగించుకొని యుండును. స్నానమునకు తగిన నదిలో 5 కైనను తగ్గరాదని మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పినది. మురుగు కలిసినకొలది సూక్ష్మజీవులు దానిని తినుట కీ ప్రాణవాయువునే వాడుకొనును, మురుగు మితిమీఱినచో అది సున్నకు దిగును, చేపలు బ్రదుకవు. ఇది పదమూడేండ్ల పిల్లవాడు చిన్న సీసాతో, కొన్ని మందుచుక్కలతో కనుగొనదగిన సంగతి. తామరకొలనిలో 7 వచ్చినదని వ్రాసి పంపిన పిల్లవాడు అబద్ధము వ్రాయలేదు. కాని తాను త్రాగు పాలకు, తిను తోటకూరకు సంబంధించిన ప్రశ్నను అడుగకుండ తప్పించుకొన్నాడు, తప్పించినవారు పెద్దలు. గడిలో దొంగ అంకె వేసిన పిల్ల కంటె, అంకె చెడ్డదిగా రాని చోటును వెదకి యిచ్చిన పెద్దల తప్పు పెద్దదని మా యభిప్రాయము. దొంగ అంకెను ప్రక్కింటి యామె పట్టుకొనగలదు. దీనిని పట్టుకొనువారు లేరు.

అయినను ఆ యుపాధ్యాయుని సంకోచమును త్రోసివేయుట న్యాయము కాదు. మనలను మురికివారని వ్రాయుట పరదేశీయులలో కొందఱికి వృత్తిగా నుండెడిది. 1927లో కేథరిన్ మేయో యను అమెరికా స్త్రీ మదర్ ఇండియా యను గ్రంథము వ్రాయగా, గాంధీమహాత్ముడు దానిని మురుగుకాలువల తనిఖీదారుని నివేదిక యని యీసడించెను. అయితే భారతీయులు దానిని చదివి లాభము పొందవచ్చునని చెప్పినవాడును ఆయనయే. ఈ రెండు మాటలు ఒకే నోట వచ్చుటలో వైరుధ్యమున్నదని కొందఱనిరి; మాకు కానరాదు. తప్పు కాలువను చూచుటలో లేదు. ఒకరు చూచుట, మఱియొకరు చూడబడుట, ఒకరి చేతిలో కలము, మఱియొకరి యింట మురుగు, ఇందున్నది తప్పు. మేయో తన దేశపు కాలువలకు అంతటి శ్రద్ధతో మూతలు తీసియున్నచో, ఆ పుస్తకమునకు అంత విషముండెడిది కాదు. ముందు మేము పరదేశపు చెలికానిని వైద్యునితో పోల్చితిమి; ఇచట ఆ పోలిక చాలదని ఒప్పుకొందుము. వైద్యుడు మన నాడి చూచును గాని తన నాడిని మనచేత చూపించుకొనడు. మాకు కావలసినది నాడి చూపించుకొను చెలికాడు.

అట్టివాడు దొరకడను భయమక్కఱలేదు. 1858 వేసవిలో థేమ్సు నది దుర్గంధము భరింపలేక లండను పార్లమెంటువారే తల్లడిల్లిరి. దాని తరువాత నూఱేండ్లకు, 1957లో, అచటి ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలవారు లండనులో ఆ నది జీవము లేనిదని తేల్చిరి. పిమ్మట చేపలు తిరిగివచ్చినవి. అది కొలిచినందున, కొలిచినదానిని దాచనందున వచ్చిన ఫలము. అయినను 2020లో ఇంగ్లండు పర్యావరణశాఖవారు ప్రకటించిన లెక్కలలో, మంచి స్థితిలో నున్న నదులు నూటికి పదునాలుగు మాత్రమే. రసాయనముల లెక్కలో చూడగా ఒక్కటియు నిలువలేదు. కావున మన పిల్ల మూసీ లెక్క పంపి, "మీ యూరి నది లెక్క యేది?" యని యడిగినచో, ఆవలి పిల్లయు తామరకొలను వెదకికొనవలసివచ్చును, లేదా తలుపు తీయవలసివచ్చును.

సమానుల నడుమ చెలిమి యెట్లుండునో తెలియుటకు హైదరాబాదువారు దూరము పోనక్కఱలేదు. 1887లో పారిసున సమావేశమైన ఖగోళశాస్త్రజ్ఞులు ఆకాశమంతటిని ఛాయాచిత్రములుగ తీసి నక్షత్రముల పట్టిక కూర్ప సంకల్పించి, దానిని పట్టెలు పట్టెలుగ ప్రపంచములోని వేధశాలలకు పంచియిచ్చిరి. చిలీ దేశపు సాంటియాగో వేధశాలకు వచ్చిన పట్టెలో పని సాగలేదు. ఆ పట్టెను, ఖగోళమధ్యరేఖకు దక్షిణమున 17 మొదలు 23 అంశముల వఱకు గలదానిని, చేపట్టినది మన నిజామియా వేధశాల. నవాబు జఫర్ జంగ్ తన ధనముతో 1901లో స్థాపించిన దానిని, ఆయన మరణము పిమ్మట 1908లో నిజాము ప్రభుత్వము చేకొన్నది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అప్పగించినది. లక్షలకొలది నక్షత్రముల స్థానములను అచటివారు ఏండ్ల తరబడి కొలిచి సంపుటములుగ ప్రకటించిరి. ఈ పనిలో ఎవరును ఎవరికిని అతిథులు కారు. పట్టెలో మసకగానున్న నక్షత్రమును మసకగానే వ్రాయవలెను. ఈ పట్టెలో ప్రకాశము తక్కువ, నిజాముగారికి తలవంపు అని ఎవరైన అనియుందురా? హైదరాబాదు పట్టెలో తప్పు దొర్లినచో పారిసు పటమునకే చిల్లి పడును. వారి గౌరవమంతయు కొలత సరిగా నుండుటలోనే యుండెను.

ఆకాశము సరే, పాఠశాల పిల్లలకు అట్టి పని యెక్కడిది యందురేమో. ఉన్నది, దానికి పరికరము ఒక కఱ్ఱ. హైదరాబాదు ప్రాంతమున సంవత్సరమునకు రెండు దినములు, సుమారుగా మే 9న, ఆగస్టు 3న, సూర్యుడు సరిగా నడినెత్తిమీదికి వచ్చును. నిలువుగా పాతిన కఱ్ఱకు నీడ యుండదు. అదే దినమున లండనులో, వారి మధ్యాహ్నమున, మీటరు కఱ్ఱకు సుమారు 67 సెంటీమీటర్ల నీడ పడును. అనగా సూర్యుడు నడినెత్తినుండి 34 డిగ్రీలు వ్రాలియుండును. ఉత్తర దక్షిణములుగ ఈ రెండు చోట్ల నడుమ దూరము సుమారు 3,790 కిలోమీటర్లు. 34 డిగ్రీలకు ఇంత యైనచో వృత్తము మొత్తమున కెంత? లెక్కవేసిన పిల్లకు 40,000 కిలోమీటర్లు వచ్చును. భూమి చుట్టుకొలత అదియే. రెండువేల రెండువందల యేండ్లకు పూర్వము ఎరటోస్తనీసు ఈజిప్టులో చేసినది ఇదియే. ఆయనకు నీడలేని ఊరు సయీను. ఆ దినమున మనకు ఘట్‌కేసరే సయీను. లండను పిల్లలకు తమ ఊర నీడలేని దినము ఎన్నటికిని రాదు. (మే 9 నాటికి మన బడులకు సెలవులు, ఆగస్టు 3న మబ్బులు, ప్రకృతియు విద్యాశాఖయు కలిసి మనలను పరిహసించుచున్నట్లున్నది. డాబామీద కఱ్ఱ పాతుటకు బడి తెఱచియుండనక్కఱలేదు గనుక మే నెలయే మేలు.)

ఇంతకు పరదేశ మెందుకు, మన దేశములోనే చేయరాదా యని ఒక మిత్రుడు ప్రశ్నించెను. మంచి ప్రశ్న. చిత్తూరు జిల్లా కుప్పము చెంత, 1999లో ఏర్పడిన అగస్త్య సంస్థవారు 172 ఎకరముల మిట్టనేలను పచ్చగా చేసి, పల్లె బడుల పిల్లలచేత చేతులారా ప్రయోగములు చేయించుచున్నారు; బండ్లమీద పరికరములు పెట్టుకొని ఊరూరికి పోవుచున్నారు. కుప్పము ఘట్‌కేసరుకు ఇంచుమించు నేరుగా దక్షిణమున నున్నది. ఆ పిల్లలు, ఈ పిల్లలు కలిసి నీడలు కొలువవచ్చును, కొలువవలెను కూడ. కాని నడుమ భేదము అయిదు డిగ్రీలకు లోపు. కఱ్ఱ కొంచెము వాలి అర డిగ్రీ తప్పు వచ్చినచో, భూమి చుట్టుకొలతలో పదింట ఒక వంతు తప్పిపోవును. అదే అర డిగ్రీ తప్పు లండనుతో కలిసి కొలిచినప్పుడు నూటికి ఒకటిన్నరకు దిగును. దూరము కావలసినది ఇందులకు. గోడమీద జెండాలు అంటించుకొనుటకు కాదు.

చేతి మాట వచ్చినది గనుక దాచక చెప్పెదము. మన చదువరి కులములలో చేయి తడుపుకొనుట యన్న నేటికిని ఒక నామోషి కలదు. బురదలో దిగువాడు చదువనివాడు, చదివినవాడు ఒడ్డుననుండి చెప్పువాడు అని తరతరములుగ పని పంచుకొంటిమి. మూసీ యొడ్డున గడ్డి కోయువారి పాదములకు ఆ నీరు తగులును. మన పాదములకు తగులదు. నదియొడ్డు గ్రామముల ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు నురుగు ఏ నెలలో హెచ్చునో, వాసన ఏ పూట ముదురునో ఎవరును చెప్పనక్కఱలేదు. సీసా చేతికిచ్చినచో వారు వ్రాయు అంకె వెనుక ఒక జీవితము నిలుచును. కాని పరదేశపు చెలిమి వారికి దొరకదు. దానికి జీతములు కట్టవలెను. నది యున్న చోట సీసా లేదు, సీసా యున్న చోట తామరకొలను. ఇట్టి పంపకముతో రెండు విధముల పిల్లలును నష్టపడుచున్నారు. అయితే నష్టము సమానమని మాత్రము మేమనజాలము.

మేము ఆ యుపాధ్యాయునికి చెప్పినది యింతే. తామరకొలనిని మానవలదు, అదియు ఒక చోటే. దానితోపాటు నెలకొకమాఱు ప్రతాపసింగారము వంటి యొక నదియొడ్డు ఊరి పాఠశాలతో కలిసి మూసీ నీరు తీయుడు. పిల్లలను నీటిలో దింపవలదు. వంతెనమీదనుండి త్రాటితో బొక్కెన వదలుడు. చేతులకు రబ్బరు తొడుగులు వేయింపుడు. ముగిసిన పిమ్మట సబ్బుతో కడిగింపుడు. చోటి పేరు, గంట, వేడిమి, ప్రాణవాయువు, నీటి తేట యెంతవఱకు, ఈ యైదును ఉన్నవి ఉన్నట్లు వ్రాయుడు. పంపునప్పుడు రెండు పాఠశాలల పేర్లును పైన వ్రాయుడు. మీ యూరి నీరు కాలువలో కలియుచోట ఇవియే యైదు కొలిచి పంపుడని ఆవలివారిని అడుగుడు. వారు పంపనిచో, వారి గడిలో సున్న వేయక, చూడలేదను గుర్తు వేయుడు.

మా మనుమరాలు తన పుస్తకములోని మూడు ఆఱులను రబ్బరుతో చెఱిపివేయబోగా వలదంటిమి. అంకెలు కనబడునట్లే అడ్డగీత గీచి, ప్రక్కన పదునెనిమిది, మూడు దినముల నీరు అని వ్రాసి పంపినది. ఉపాధ్యాయుడు మా మాటలన్నియు శ్రద్ధతో విని, యాజమాన్యముతో మాటలాడి చెప్పెదననెను. ఇంకను చెప్పలేదు.